గోడౌను గోడ మీద కరెంటు తీగ: లెక్క అడగాల్సింది ఎవరు?

రాత్రి పదకొండు దాటాక ఊరి చివర ఇండస్ట్రియల్ ఏరియాలో, గోడౌన్ల వెనక సందులో కాసేపు నిలబడితే ఒక చప్పుడు వినిపిస్తుంది. టిక్... టిక్... సెకనుకో, సెకనున్నరకో ఒకటి. ప్రహరీ పైన ఇనుప కమ్మీలు, కమ్మీలకు ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, వాటి మీదుగా ఐదారు వరసల సన్నటి తీగ. ఆ తీగ కొస వాచ్‌మెన్ గదిలో గోడకు తగిలించిన డబ్బాలోకి వెళ్తుంది. చప్పుడు ఆ డబ్బాదే. వానాకాలం గడ్డి ఏపుగా పెరిగి ఒక పరక తీగకు ఆనితే, టిక్కుమన్నప్పుడల్లా అక్కడ చిన్న నీలి రవ్వ కూడా మెరుస్తుంది.

దీన్ని జనం కరెంటు కంచె అంటారు. అడవి పందుల కోసం పొలం చుట్టూ కట్టి, మోటారు స్టార్టర్ నుంచో, లైను మీద కొక్కెం తగిలించో నేరుగా కరెంటు ఇచ్చిన జీఐ తీగనూ కరెంటు కంచె అనే అంటారు. పేరు ఒకటే గానీ మొదటిది తగిలితే మనిషి అరిచి వెనక్కి పడతాడు, రెండోది తగిలితే లేవడు. తెలుగు పేపర్లలో జిల్లా పేజీల్లో కనబడే 'పందుల కోసం పెట్టిన తీగ తగిలి రైతు మృతి' వార్తలు ఈ రెండో రకానివి. గోడౌను గోడ మీద ఉండాల్సింది మొదటి రకం. 'ఉండాల్సింది' అని ఎందుకు అనాల్సి వస్తోందంటే, కింద నిలబడి పైకి చూస్తే ఏది ఏదో ఎవరికీ తెలియదు. తీగ తీగలాగే ఉంటుంది.

వ్యాపార స్థలాల్లో ఈ కంచెలకు నియమాలు పెట్టాలనుకుంటే చట్టం ముందుగా ఈ రెండు రకాలనూ విడదీయాలి. ఆ తర్వాత, గోడ మీద ఉన్నది ఏ రకమో అడిగినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉండేలా చూడాలి. మొదటి పనికి కావాల్సిన కొలతలు ఎప్పుడో తయారయ్యాయి. రెండో పని దగ్గరే చాలాచోట్ల బండి ఆగిపోయింది.

కొలతల సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఇంటి కరెంటు 230 వోల్టులు. మనిషి ఒంటి నిరోధకత సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుంటే ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. పది పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది. యాభై, వంద మిల్లీ ఆంపియర్లు కొన్ని సెకన్లు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పొలం తీగ చంపేది ఇలాగే. అందులో కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది, మనిషి వదిలించుకోలేడు.

గోడౌను డబ్బా, అంటే ఎనర్జైజర్, మన బజార్లో జట్కా మెషిన్ అని కూడా అమ్ముతారు, చేసే పని వేరు. అది వదిలే వోల్టేజీ ఐదు వేల నుంచి పది వేల దాకా ఉంటుంది. ఆ అంకె వినగానే గుండె జారుతుంది గానీ, అది సెకనులో చిన్న ముక్క పాటే ఉంటుంది. అంతర్జాతీయంగా పాటించే ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60335-2-76 ప్రమాణం ప్రకారం ఒక పల్స్, అంటే ఒక్కసారి వదిలే షాక్, పది మిల్లీ సెకన్లకు మించకూడదు. ఒక పల్స్‌కీ తర్వాతి పల్స్‌కీ మధ్య కనీసం ఒక సెకను ఖాళీ ఉండాలి. 500 ఓమ్‌ల నిరోధకత మీద కొలిస్తే ఒక్కో పల్స్ శక్తి 5 జౌళ్లు దాటకూడదు. ఐదు జౌళ్లంటే సుమారుగా అరకిలో బెల్లం ముద్ద మీటరు ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బంత. మనిషికి బుద్ధి చెప్పడానికి అది చాలు.

ఈ మూడింట్లో మామూలు జనానికి తట్టనిది మధ్యలో ఉన్న ఆ ఒక సెకను ఖాళీ. ప్రాణం నిలబడేది ఎక్కువగా దాని మీదే. కండరాలు వదులై చెయ్యి వెనక్కి వచ్చే సమయం అదే. ఆ ఖాళీ పోతే మిగతా జాగ్రత్తలు పెద్దగా ఆదుకోవు. ఉదాహరణకు ఒక గోడౌను తీగ, పక్క గోడౌను తీగ రెండూ ఒకేసారి చేతికి అందేంత దగ్గరగా ఉన్నాయనుకోండి. రెండు డబ్బాల పల్స్‌లు ఒకదాని తర్వాత ఒకటి వస్తే సెకను ఖాళీ కాస్తా అర సెకనో, ఇంకా తక్కువో అవుతుంది. అందుకే వేర్వేరు ఎనర్జైజర్ల తీగల మధ్య కనీస దూరం ఉండాలని ప్రమాణం పట్టుబడుతుంది. రెండు కంపెనీలు ఒకే గోడను పంచుకునే మన ఇండస్ట్రియల్ ప్లాట్లలో ఈ ఒక్క నియమం పాటించాలన్నా పక్కవాడితో మాట్లాడాల్సిందే.

ఇంకో చిక్కు, ఈ లెక్కంతా తగలగానే వెనక్కి దూకే ప్రాణిని దృష్టిలో పెట్టుకుని వేసింది. ఆశ్చర్యమేమీ లేదు. ఈ సాంకేతికత పెరిగింది పశువుల కోసం. 1930లలో న్యూజిలాండ్‌లోని హామిల్టన్ దగ్గర బిల్ గాలహర్ అనే రైతు, తన కారుకు ఒళ్లు రుద్దుకునే గుర్రాన్ని దూరం పెట్టడానికి షాక్ ఏర్పాటు చేయడంతో మొదలైన వ్యాపారమే ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. గుర్రం దూకుతుంది, ఆవు దూకుతుంది, దొంగ కూడా దూకుతాడు. తాబేలు దూకదు. షాక్ తగలగానే తల లోపలికి లాక్కుని అక్కడే కూర్చుంటుంది. ఒంటి నిండా పొలుసులుండే అలుగు (పాంగోలిన్) సంగతి ఇంకా ఘోరం. భయపడితే ఉండచుట్టుకోవడం దాని స్వభావం కాబట్టి తీగనే చుట్టేసుకుంటుంది. ప్రతి పల్స్‌కీ ఇంకా బిగుసుకుంటుంది. దక్షిణాఫ్రికాలో ఇలా చచ్చిపోయే అలుగుల గురించి వన్యప్రాణి శాస్త్రజ్ఞులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. మనుషుల్లోనూ దూకలేని స్థితి రావచ్చు. గోడకూ తీగకూ మధ్య సరిగ్గా ఒళ్లు ఇరుక్కునేంత సందు వదిలితే, అందులో పడ్డవాడు తాబేలుతో సమానం. అందుకే తీగ గోడకు బాగా దగ్గరగానైనా ఉండాలి, మనిషి తిరగగలిగేంత దూరంగానైనా ఉండాలి. మధ్యస్తంగా ఉండటమే ప్రమాదం.

సరే, ఆస్తి యజమానికి అసలు ఇలాంటి తీగ పెట్టుకునే హక్కు ఎంతవరకు ఉంది? మన దేశంలో దీనికి అరవై ఏళ్ల కిందటే సుప్రీంకోర్టు ఒక జవాబు చెప్పింది. కేసు పేరు చెరూబిన్ గ్రెగరీ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్, తీర్పు 1963లో వచ్చింది. పక్కింటి మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో ఆ ఇంటివాళ్లు ఇతని మరుగుదొడ్డి వాడటం మొదలుపెట్టారు. ఇతను వద్దన్నా ఆగలేదు. దాంతో ఆ దారిలో ఇంటి కరెంటు కలిపిన ఉత్త రాగి తీగ పెట్టాడు. హెచ్చరిక లేదు. పక్కింటావిడ తగిలి చనిపోయింది. వాళ్లు నా స్థలంలోకి అనుమతి లేకుండా వచ్చారు కదా అన్నది అతని వాదన. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ పోగొట్టుకోడని, అలాంటివాళ్ల కోసం ప్రాణం తీసే ఉచ్చు పన్నే హక్కు యజమానికి రాదని తేల్చి, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు వేసిన శిక్షను ఖరారు చేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ తీర్పు తప్పు పట్టింది ఉత్త తీగలో నేరుగా ఇంటి కరెంటు పెట్టడాన్ని, అదీ హెచ్చరిక లేకుండా. కంచె అన్నదాన్ని మొత్తంగా కాదు. పల్స్ కంచె దగ్గరకు వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. బోర్డు ఉందా, తీగను పొరపాటున ఎవరూ తాకకుండా బయట మామూలు గోడ ఉందా, డబ్బా ప్రమాణానికి లోబడి ఉందా? ఇవన్నీ ఉంటే అది గోడ మీద గాజు పెంకుల వరసలోకి వస్తుంది. లేకపోతే ఆ రాగి తీగ వరసలోకి పోతుంది.

ఇవాళ మన చట్టాల్లో ఈ విషయాన్ని తాకే సెక్షన్లు లేకపోలేదు. లైను నుంచి దొంగతనంగా కరెంటు లాగితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా. కరెంటు వల్ల ప్రమాదం జరిగితే కబురు చేయడం, విచారణ జరపడం గురించి విద్యుత్ చట్టంలోనే 161వ సెక్షన్ ఉంది. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవి కదిలేది శవం లేచాకనో, దొంగ కరెంటు పట్టుబడ్డాకనో. గోడౌను యజమాని చక్కగా బిల్లు కడుతూ, సాకెట్‌లో ప్లగ్గు పెట్టి డబ్బా నడిపిస్తే అందులో దొంగతనం లేదు. ఆ డబ్బా వాడేది ఒక చిన్న బల్బు వాడేంత కరెంటు. కాబట్టి లోడు పెంచమని ఎవరూ అడగరు, ఇన్‌స్పెక్టర్ వచ్చే సందర్భమూ రాదు. గోడ కట్టడానికి ప్లాను కావాలి, గోడ మీద పది వేల వోల్టులకు అడిగేవాళ్లుండరు.

పొరుగున తమిళనాడు మాత్రం ఒక అడుగు ముందుకేసింది. 2023లో పవర్ ఫెన్సుల రిజిస్ట్రేషన్, నియంత్రణ నిబంధనలు తెచ్చింది. నోటిఫై చేసిన రిజర్వు అడవికి ఐదు కిలోమీటర్ల లోపు కంచె పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఉన్నవాటిని నమోదు చేయించాలి, బిగించే సంస్థలు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 302-2-76 ప్రమాణం పాటించాలి. అది ఐఈసీ ప్రమాణానికి మన దేశపు రూపమే. ఏనుగులు చచ్చిపోతుంటే పుట్టిన నిబంధనలు కాబట్టి చూపంతా అడవి అంచు మీదే. అడవికి దూరంగా, ఊరి మధ్యలో ఉన్న గోడౌను ఆ వలలో పడదు. అంటే ఏనుగుకు దొరికిన రక్షణ గోడ పక్క నుంచి నడిచే మనిషికి ఇంకా దొరకలేదు. వెటకారం కాదు, నిబంధన గీసిన గీత అక్కడిదాకే ఉంది.

వ్యాపార స్థలాల గొడవ బాగా ముదిరింది అమెరికాలో. అక్కడ ట్రక్కులు నిలిపే యార్డులు, తుక్కు సామాన్ల స్థలాలు, యంత్రాలు అద్దెకిచ్చే కంపెనీలు రాత్రిపూట రాగి కోసం, కార్ల కింద ఉండే కేటలిటిక్ కన్వర్టర్ల కోసం వచ్చే దొంగలతో విసిగిపోయాయి. కంచె కావాలన్నాయి. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చే నగరాల జోనింగ్ బోర్డులు వద్దన్నాయి. ప్రమాదం అనే మాట పైకి వినిపించినా, అసలు బాధ చాలాసార్లు అందం గురించి. ఊరు జైలులా కనిపిస్తుందని, పెట్టుబడులు రావని.

కాలిఫోర్నియా రాష్ట్రం 2015లో చట్టం చేసి 2016 నుంచి ఒక మధ్యేమార్గం పెట్టింది. నివాస ప్రాంతంలో కంచె కుదరదు. తీగ కంచె ఎత్తు పది అడుగులు దాటకూడదు. దాని ముందు కనీసం ఆరడుగుల మామూలు కంచె ఉండాలి. ముప్పై అడుగులకు మించకుండా ఒక్కో హెచ్చరిక బోర్డు, అదీ రెండు వైపుల నుంచీ చదవగలిగేలా. డబ్బా ఐఈసీ ప్రమాణానికి సరిపోవాలి. అయితే స్థానిక ఆర్డినెన్సు, అంటే నగరం చేసుకున్న చట్టం, నిషేధిస్తే అక్కడ పెట్టడానికి వీల్లేదని మొదట్లో నగరాలకు వదిలేసింది. 2021లో చేసిన సవరణ ఆ పట్టును చాలావరకు సడలించింది.

టెక్సాస్, ఫ్లోరిడాల్లో మరో తెలివైన దారి తొక్కారు. దీన్ని కంచె అని పిలిస్తే జోనింగ్ వాళ్లు వస్తారు కాబట్టి, చట్టంలో దీన్ని అలారం వ్యవస్థగా నిర్వచించారు. తీగను తాకితే కాపలా సంస్థకు కబురు వెళ్తుంది, షాక్ దాంట్లో ఒక భాగం, అంతే. అలారంకి అడిగే అనుమతి తప్ప ఇంకోటి నగరం అడగకూడదు. దీనితో పాటు ఇంకో షరతు, ఎనర్జైజర్ నడిచేది 12 వోల్టులు మించని బ్యాటరీ మీదే అయ్యుండాలి.

ఈ 12 వోల్టుల మాట దగ్గర కాస్త ఆగాలి. కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా 'ఇది 12 వోల్టుల కంచె' అంటే వినేవాళ్లకు మోటారు సైకిల్ బ్యాటరీ గుర్తొస్తుంది, నెమ్మదిస్తారు. తీగలో ఉండేది మాత్రం వేల వోల్టులే. లోపలికి వెళ్లే వోల్టేజీ చెప్పి బయటికి వచ్చేదాని గురించి ఊరుకోవడం అమ్మకానికి పనికొస్తుంది గానీ చట్టం భాషకు తగదు. అలాగని ఆ షరతు పనికిమాలినది కాదు. మెయిన్స్ మీద, అంటే ఇంటి కరెంటు మీద నేరుగా నడిచే నాసిరకం డబ్బాలో లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు తీగలోకి దూరే అవకాశం ఉంటుంది. అప్పుడు జట్కా మెషిన్ కాస్తా పందుల తీగ అయిపోతుంది. మధ్యలో బ్యాటరీ ఉంటే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. నియమం మంచిదే, దానికి చెప్పే కారణం తప్పు.

కాగితం విషయంలో మాత్రం దక్షిణాఫ్రికాను చూడాలి. అక్కడి నగరాల్లో షాపులు, ఫ్యాక్టరీలు, ఇళ్ల గోడల మీద కరెంటు కంచె మామూలు విషయం. ఇన్ని కంచెలున్న దేశం వాటిని నిషేధించలేదు, ఊరికే వదిలేయనూలేదు. 2011లో తెచ్చిన ఎలక్ట్రికల్ మెషినరీ రెగ్యులేషన్స్ ప్రకారం, కంచె వాడేవాళ్ల దగ్గర దానికి సంబంధించిన సర్టిఫికెట్ ఉండాలి. అది ఇవ్వాల్సింది కార్మిక శాఖ దగ్గర నమోదైన కంచె ఇన్‌స్టాలర్. ఇంటి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ అయినంత మాత్రాన సరిపోదు. 2012 అక్టోబరు 1కి ముందు నుంచీ ఉన్న కంచెలను వెంటనే కదిలించలేదు. వాటిలో మార్పులు చేసినప్పుడో, ఆస్తి చేతులు మారినప్పుడో సర్టిఫికెట్ తీసుకుంటే చాలన్నారు.

ఆస్తి చేతులు మారినప్పుడు అన్న ఆ చిన్న మాటలో చాలా బలం ఉంది. ప్రతి గోడ మీదికీ నిచ్చెన వేసుకుని ఎక్కేంతమంది ఇన్‌స్పెక్టర్లు ఏ ప్రభుత్వం దగ్గరా ఉండరు. కానీ ఆస్తి అమ్మకం దగ్గర లాయరు ఉంటాడు, బ్యాంకు ఉంటుంది, కొనేవాడి అనుమానం ఉంటుంది. అక్కడ అమ్మకం ఫైల్లో వైరింగు సర్టిఫికెట్, గ్యాస్ సర్టిఫికెట్, కొన్ని తీర ప్రాంతాల్లో చెక్కను తొలిచే పురుగు లేదని చెప్పే సర్టిఫికెట్ కూడా ఉంటాయి. వాటి పక్కన ఇదొకటి చేరింది. పురుగుకు కాగితం ఉన్నచోట కరెంటు తీగకు ఉండటంలో వింతేముంది? ప్రభుత్వం కొత్తగా ఒక్క ఉద్యోగిని పెట్టకుండానే కొనేవాడే తనిఖీదారు అయ్యాడు.

మన దగ్గర ఇలాంటిది పెడితే ఏం అడగాలన్నది పెద్ద పరిశోధన అవసరమైన విషయం కాదు. ఎనర్జైజర్ ఎన్ని జౌళ్లది, దాని ఎర్త్ రాడ్ భవనం ఎర్తింగ్‌కు దూరంగా ఉందా, తీగ కరెంటు స్తంభాల లైన్ల కింద నుంచి పోతోందా. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. గాలివానకు లైను తెగి కంచె మీద పడితే, కంచె పొడవునా అసలు కరెంటే పారుతుంది. ఫైరింజన్ వచ్చినప్పుడు తీగను ఆపే స్విచ్ ఎక్కడుందో గేటు దగ్గర తెలియాలి. ఆదివారం రాత్రి షెడ్డు అంటుకుంటే తాళం వేసిన వాచ్‌మెన్ గది వెనక ఉన్న డబ్బాను ఎవరు ఆపుతారు?

బోర్డుల సంగతి మనకు ప్రత్యేకం. మన గోడౌన్లలో మూటలు మోసేవాళ్లు శ్రీకాకుళం నుంచీ వస్తారు, ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వస్తారు. 'డేంజర్' అని ఇంగ్లీషులో రాసి పుర్రె బొమ్మ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద బొమ్మ లాగే ఉంటుంది, దేని గురించో తెలియదు. పసుపు రంగు మీద, తీగను తాకుతున్న చెయ్యి బొమ్మ ప్రమాణంలోనే ఉంది. భద్రతా కంచెలకు పది మీటర్లకు మించకుండా ఒక్కో బోర్డు, ప్రతి గేటు దగ్గరా ఒకటి అని కూడా అందులో ఉంది. ఆ బొమ్మ కింద తెలుగులోనూ హిందీలోనూ రెండు ముక్కలు రాయడానికి ఫ్లెక్సీ షాపువాడికి పావుగంట పని.

ఒక గోడౌను అమ్ముడుపోయిన రోజు సంగతి ఊహించుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సిద్ధంగా ఉంటుంది. తూర్పున రోడ్డు, పడమర ఫలానా వారి షెడ్డు, ఉత్తరాన కాలువ, దక్షిణాన ఖాళీ స్థలం అని నాలుగు హద్దులూ రాస్తారు. స్థలం ఎన్ని చదరపు గజాలో, బోరు ఉందో లేదో, కరెంటు సర్వీసు నంబరెంతో రాస్తారు. హద్దు గోడ మీది తీగ గురించి ఒక్క ముక్క ఉండదు. కొన్నాయన సాయంత్రం తాళాలు తీసుకుని వాచ్‌మెన్ గదిలోకి వెళ్తాడు. గోడకు డబ్బా ఉంటుంది, టిక్కుమంటూ ఉంటుంది. కింద అతికించిన లేబుల్ ఎండకు వెలిసిపోయి, జౌళ్లు అని రాసి ఉండాల్సిన చోట అంకె కనబడదు. పెట్టినవాడి ఫోను నంబరు మాత్రం స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది, అందులో చివరి రెండు అంకెలు చెరిగిపోయి ఉంటాయి.